నెమలి పిల్లకు చేత్తో మేత పెట్టకండి

పోయిన వారం మా లంక ఊళ్లో ఆరేళ్ల పిల్లవాడికి కంటి కింద నాలుగు కుట్లు పడ్డాయి. గాయం చేసింది ఆ ఇంట్లోనే మూడేళ్లుగా పెరుగుతున్న మగ నెమలి. "మన చేతిలో నూకలు తిన్నదేనమ్మా, దానికేం పుట్టింది?" అని వాళ్ల నాయనమ్మ అందరినీ అడుగుతోంది. దానికేమీ పుట్టలేదు, ఈడు వచ్చింది.

మృగశిర కార్తె దగ్గరపడింది. వానలతో పాటే నెమళ్లు గుడ్లు పెట్టి పిల్లలను లేపే కాలం. మెట్ట వైపు తోటల పనికి వెళ్లినవారు ఏటా ఒకటో రెండో పిల్లలను తువ్వాలులో చుట్టి తెస్తారు. ఇంట్లో నెమలి ఉంటే కొబ్బరి తోటలోకి పాము రాదని ఒక నమ్మకం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. పట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు. ఈ సంగతి తెలిసీ తెచ్చేవారే ఎక్కువ, కాబట్టి అసలు విషయానికి వస్తాను.

నేను చూసినంతలో ఇళ్లను ముంచిన తప్పు ఒక్కటే: అరచేతిలో మేత పెట్టి మాలిమి చేయడం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తనను వెంట తిప్పుకొని మేత చూపేవారినే తల్లి అనుకుంటుంది. అడవిలో ఆ పని పెట్టది. మీరు చేస్తే ఆ పిల్ల లెక్కలో మనుషులే తన జాతి. పెట్టపిల్ల అయితే గొడవ తక్కువ. మగదైతే రెండు మూడేళ్లకు, పింఛం దిగే వేళకు, ఇంట్లో ప్రతి మనిషీ దానికి పోటీకి వచ్చిన మరో మగ నెమలిలా కనిపిస్తాడు. నాలుగైదు కిలోల పక్షి ఎగిరి, కాలి వెనుక ముల్లుతో ముఖం ఎత్తున తంతుంది. దానికి అందేది ముందుగా పిల్లల కళ్లే. పగ కాదు, పొగరు కాదు, మీరు నేర్పిన చుట్టరికం.

పిల్ల ఒంటరిగా కనిపిస్తే ముందు దూరంగా జరగండి. మనిషి అలికిడికి పెట్ట పొదలోకి తప్పుకుంటుంది, పిల్లలు నేలకు అతుక్కుని కదలవు. దిక్కులేనిదని మీరు ఎత్తుకునే పిల్లకు తల్లి పది గజాల్లోనే ఉంటుంది. గాయపడితేనో, కుక్కల మధ్య చిక్కితేనో తీయాలి. అట్టపెట్టెలో గరుకు గుడ్డ పరిచి, చీకటిగా ఉంచి, అటవీ శాఖ రేంజి కార్యాలయానికి కబురు చేయండి. నున్నని కాగితం పరిస్తే కాళ్లు విచ్చుకుపోతాయి. గోనె వద్దు, దారాలు వేళ్లకు చుట్టుకుంటాయి. వాళ్లు వచ్చేదాకా మేత మూకుడులోనే. చేత్తో వద్దు.

కోళ్ల గంప కింద పెట్టవద్దు. కోడి రెట్టలోని నులిపురుగుల గుడ్లతో బ్లాక్‌హెడ్ అనే జబ్బు అంటుతుంది. కోడి తట్టుకుంటుంది, నెమలి పిల్ల పసుపు రంగు రెట్ట వేస్తూ చచ్చిపోతుంది.

కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు (రాణీఖేత్ జబ్బు) ఉన్న వాడలోకి అసలే తేవద్దు.

నీళ్లు లోతు గిన్నెలో వద్దు, మునుగుతుంది. మూకుడులో గులకరాళ్లు వేసి పోయండి.

బూజు పట్టిన ఊక పరవద్దు.

పేరు పెట్టి పిలవవద్దు.

భుజం మీద ఎక్కించుకొని వీడియో తీయవద్దు.

గుడ్లు తెచ్చి పొదిగే కోడి కింద పెట్టవద్దు. దాని లెక్క 21 రోజులు, వీటికి 28 పైనే.

గుడికి ఇచ్చేస్తే పుణ్యమని తీసుకెళ్లవద్దు. అక్కడా అదే చట్టం, అక్కడా పిల్లలుంటారు.

ఇప్పటికే పెంచేశారా? రాత్రికి రాత్రి పాపికొండల్లో వదిలి రావద్దు. అది అడవిలోకి పోదు, కనిపించిన మొదటి గుడిసె దగ్గరికి పోతుంది. అటవీ శాఖవారికి చెప్పండి. వాళ్లు వచ్చేదాకా పిల్లలను దాని దగ్గరికి పోనివ్వకండి.

మేత నేల మీద చల్లండి. చేత్తో వద్దు.