హవాయన్ గిటార్‌లో ఆపిన తీగ మోగుతోందా? తప్పు ఏ చేతిదో ముందు తేల్చుకోండి

బరంపురం, పర్లాకిమిడి వైపు భజనలకీ పాత సినిమా పాటలకీ హవాయన్ గిటార్ పట్టే మనవాళ్ళ ఫిర్యాదు ఒకటే: "పక్క తీగకి వెళ్ళాక కూడా పాత తీగ మోగుతూనే ఉందండీ." వెంటనే తీగలు మార్చేస్తారు, తీగ మీటే పిక్కులు మార్చేస్తారు. బార్ (ఎడమచేత్తో తీగల మీద ఆన్చి జరిపే లోహపు కడ్డీ) పక్కన పెట్టి కుడిచేయి ఒక్కదాన్నే పరీక్షించమంటే మాత్రం ఎవరికీ ఓపిక ఉండదు.

ముందు అదే చేయండి. ఎకో ఆపేసి, ఉత్త తీగ మీటి, చిటికెన వేలి వైపు అరచేతి అంచు దించండి. టక్కున ఆగిందా? అయితే కుడిచేయి ఆపగలదు. ఇప్పుడు ఎడమచేయి చూసుకోండి. బార్ వెనక తీగల మీద ఆని ఉండాల్సిన ఉంగరపు వేలు, చిటికెన వేలు గాల్లో ఉంటే, బార్‌కీ నట్‌కీ (గిటార్ తల వైపు తీగలు ఆనే పట్టీ) మధ్య తీగ ముక్క కూడా మోగుతుంది.

స్వరాల మధ్య అక్కర్లేని జారుడు వినిపిస్తే, చేయి దిగకముందే బార్ కదిలిందన్నమాట. మీటాలి, ఆపాలి, అప్పుడు జరపాలి. నిదానంగా సాధన చేస్తే పోతుంది.

అసలు దొంగ వేరే ఉంది. 5వ ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే మెడ మీద స్వరస్థానం చూపే అడ్డగీత) శుభ్రంగా ఆగిన తీగ 12వ ఫ్రెట్‌కి వచ్చేసరికి టింగుమంటుంది. చేయి ఆలస్యంగా దిగుతోందనుకుని వేగం పెంచుతారు, టింగు ఇంకా స్పష్టమవుతుంది. లెక్క చూడండి. నట్ నుంచి బ్రిడ్జికి (కుడిచేతి వైపు తీగలు ఆనే చోటుకి) 24 అంగుళాలైతే, 12వ ఫ్రెట్‌లో బార్ పెట్టాక మిగిలే తీగ 12 అంగుళాలు. మీ అరచేయి బ్రిడ్జికి 4 అంగుళాల దూరంలో దిగితే అది సరిగ్గా మూడో వంతు. అక్కడ తేలిగ్గా తాకితే తీగ ఆగదు, హార్మోనిక్, అంటే అసలు స్వరం కన్నా పైన ఉండే సన్నటి స్వరం, పలుకుతుంది. మీరు సా వాయించి ఆపబోతే పై స్థాయి పా వినిపిస్తుంది. అనుమానముంటే చేయి కదపకుండా బార్‌ని 13కి జరపండి. టింగు మాయమైనా, బాగా తగ్గినా దొంగ దొరికినట్టే. ఆలస్యమే కారణమైతే ఏ ఫ్రెట్‌లోనైనా అలాగే ఉంటుంది.

చేయి ఒక అంగుళం బ్రిడ్జి వైపు జరిపితే సరిపోతుందనుకోకండి. అక్కడ 3 అంగుళాలు, అంటే నాలుగో వంతు, మళ్ళీ అదే గొడవ. చోటు కాదు, తాకే తీరు మార్చాలి. ఎముక అంచుతో కాకుండా మెత్తటి కండతో, తీగ పొడవునా రెండు వేళ్ళ వెడల్పు కప్పేలా చేయి వాల్చండి. కొట్టకండి, ఆన్చండి. పది తీగల పెడల్ స్టీల్‌కీ (పెడళ్ళతో తీగల శ్రుతి మార్చే గిటార్‌కీ) ఇదే వర్తిస్తుంది. అక్కడ కొందరు అరచేతికి బదులు పిక్కునే తిరిగి తీగ మీద ఆన్చి ఆపుతారు, దాన్ని పిక్ బ్లాకింగ్ అంటారు.

గోపాల్‌పూర్ ఉప్పుగాలికి తీగలు తుప్పు పడితే శబ్దం మొద్దుబారుతుంది, గరగరమంటుంది. ఆపిన తీగ మోగడానికి అది కారణం కాదు. బార్ మీద గీతలూ అంతే. బ్రిడ్జి వదులైతే జిర్రుమంటుంది, మెకానిక్‌కి చూపించండి.