కూలెంట్‌లో తెట్టు, జాబ్ మీద తుప్పు

గాజువాక ఆటోనగర్‌లో మా సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్‌తో నడిచే లోహపు కోత యంత్రం) కూలెంట్ ట్యాంకు మీద ఎండాకాలం రాగానే జిగట తెట్టు కట్టేది. కూలెంట్ అంటే కోతలో పుట్టే వేడిని చల్లార్చే, నీళ్లలో ఆయిల్ కలిపిన ద్రవం. ఆ ఆయిల్ బ్రాండ్ మార్చినా లాభం లేదు. దోషం బోరు నీళ్లది. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం కూలెంట్‌లోని సబ్బు పదార్థంతో కలిస్తే తెట్టు, క్లోరైడ్లతో జాబ్ (లేత్ మీద కోసే లోహపు ముక్క) మీద తుప్పు. పైగా నీరు ఆవిరైపోతుంది, ఉప్పులు మాత్రం ట్యాంకులోనే ఉండిపోతాయి. మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఇంకేముంది!

ట్యాంకు ఖాళీ చేసి, మూలల్లో పట్టిన బంకంతా గీకి కడిగాం. అంతా ఆర్‌ఓ నీళ్లే పోస్తే నురగ పొంగింది. అందుకే మొదట నింపేటప్పుడు కాస్త బోరు నీళ్లు కలిపి, తగ్గినప్పుడు పోసే టాప్‌అప్‌కు ఆర్‌ఓ మాత్రమే వాడుతున్నాం. నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. మా కుర్రాళ్లకు ఇది అలవాటు చేయడమే పెద్ద పని. టాప్‌అప్ నీళ్లలోనూ రిఫ్రాక్టోమీటర్ (ఆయిల్ పాళ్లు చూపే పరికరం) చూసుకుని కొంచెం ఆయిల్ కలుపుతున్నాం.