సెకండ్ హ్యాండ్ వెంటిలేషన్ యూనిట్: నీళ్లు కారడం, ఆర్‌సీసీబీ పడిపోవడం

ఇంట్లోంచి బయటికి పోయే గాలి వేడిని లోపలికొచ్చే గాలికి అందించే యూనిట్ ఇది. బిగించే ముందే ఆ వేడి మారే భాగాన్ని, అంటే ప్లాస్టిక్ కోర్‌ని బయటికి తీసి గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాను. కాగితపు కోర్ అయితే కడగకూడదు. ఫ్యాన్లను చేత్తో తిప్పి చూడాలి. గరగరమంటే బేరింగ్ పోయినట్టే. ఫిల్టర్లు కొత్తవే వేయాలి.

ఆన్ చేశాక కింది నుంచి నీళ్లు కారాయి. డ్రెయిన్ పైపు మూసుకుపోలేదు, ట్రాప్‌లో (నీళ్లు నిలిచి గాలిని అడ్డుకునే పైపు వంపు) నీళ్లే లేవు. అలాంటప్పుడు ఫ్యాన్ పీల్పుకి పైపులోంచి గాలి పైకి వస్తూ గాలిలోని తేమ చల్లబడి ట్రేలో చేరిన నీటిని దిగనివ్వదు. పైపు మూతి దగ్గర తడి వేలు పెడితే ఆ లాగుడు చల్లగా తగులుతుంది. 100 పాస్కల్ పీల్పు అంటే సుమారు 10 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. అందుకే 60 మిల్లీమీటర్ల ట్రాప్ పెట్టి, నీళ్లు నింపి, పైపుకి వాలు ఇచ్చాను. కారడం ఆగింది.

వైరింగ్‌లో అసలు చిక్కు బూస్ట్ స్విచ్ (ఫ్యాన్ వేగం పెంచేది). దాని ఫేజ్ లైట్ల సర్క్యూట్‌ది, యూనిట్ న్యూట్రల్ వేరే ఆర్‌సీసీబీ (వెళ్లే కరెంటుకీ తిరిగొచ్చే కరెంటుకీ తేడా వస్తే సరఫరా తెంచేసే పరికరం) కిందిది. బూస్ట్ నొక్కగానే ట్రిప్! మెయిన్ ఆపి, కరెంటు లేదని మల్టీమీటర్‌తో చూసుకుని, నిత్య ఫేజ్, బూస్ట్ ఫేజ్, న్యూట్రల్ మూడూ ఒకే సర్క్యూట్‌కి మార్చాను. రెండు ఫేజులూ న్యూట్రలూ మూడూ తెగే ఐసోలేటర్ (విడదీసే స్విచ్), ఎర్త్ తప్పనిసరి. టెర్మినల్ గుర్తులు మోడల్‌ని బట్టి మారతాయి, మూత లోపలి వైరింగ్ బొమ్మ చూడకుండా ఒక్క తీగా కలపొద్దు.