పొగ పెట్టినా లైట్లు తేలిపోతున్నాయా? స్మోక్, హేజ్ మిషన్ల సమస్యలు - పరిష్కారాలు

పొగ వస్తోంది, కానీ షార్పీల (సన్నటి గీతలా వెలుగు కొట్టే లైట్లు) గీతలు కనబడటం లేదు

చాలామంది వెంటనే మిషన్‌లో పోసే పొగ లిక్విడ్ మార్చేస్తారు. ముందు తలెత్తి ఫ్యాన్లు, ఏసీ చూడండి. ఫంక్షన్ హాల్లో సగం తిప్పలు అక్కడే. ఒక అగరుబత్తి వెలిగించి స్టేజీ మూలల్లో పట్టుకుంటే గాలి దారి తెలిసిపోతుంది. గాలి వచ్చే వైపే మిషన్ పెట్టాలి, అప్పుడు పొగ స్టేజీ మీదుగా పరుచుకుంటుంది.

గాలి బాగానే ఉంటే లైట్ల చోటు చూడండి. జనం వైపు నుంచి కొట్టే లైటు గీత అంతగా కనబడదు. స్టేజీ వెనక నుంచి, పక్కల నుంచి వేస్తే అదే పొగలో గీత కత్తిలా తేలుతుంది.

గీతలు కాదు, స్టేజీయే మాయమైంది

ఇది స్మోక్ మిషన్‌తో హేజర్ (హేజ్ మిషన్) పని చేయించినందుకు వచ్చే తిప్పలు. స్మోక్ గుప్పున వచ్చి కాసేపటికి పోతుంది, ఎంట్రీకి బాగుంటుంది. హేజ్ సన్నగా, చాలాసేపు నిలుస్తుంది. హేజర్ లేకపోతే స్మోక్ చిన్నచిన్న విడతలుగా వదిలి, దూరం నుంచి ఫ్యాన్‌తో పలచన చేయండి. ఫొటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడుకోండి. ఫొటోల్లో ముఖాలు తెల్లగా మసకబారాయని తిట్లు తినేది మీరే.

పొగకు బదులు చుక్కలు చిమ్ముతోంది

హీటర్ సరిగ్గా కాగలేదు. రెడీ లైటు వచ్చేదాకా ఆగండి. ఆగినా అంతేనా? ఎక్స్‌టెన్షన్ వైరు పట్టి చూడండి, వేడిగా ఉంటే కారణం అదే. 1500 వాట్ల మిషన్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. సన్నటి పొడవాటి వైరు చివర 190 వోల్టులే అందితే హీటర్‌కు దక్కేది దాదాపు 1000 వాట్లే. మందపాటి వైరు వేసి, జనరేటర్ నుంచి విడిగా లైన్ తీసుకోండి. చుక్కలు పడ్డ చోట నేల జారుతుంది, డాన్సర్లు వచ్చేలోపు తుడిపించండి.

పంపు గుర్రుమంటోంది, పొగ లేదు

ట్యాంకు, పైపులో గాలి బుడగలు, నాజిల్ (పొగ బయటికొచ్చే మూతి). ఈ వరుసలో చూడండి. నాజిల్ పూడుకుంటే కంపెనీ చెప్పిన క్లీనింగ్ లిక్విడ్ నడపండి. సెంటు కలిపిన లిక్విడ్, ఇంట్లో కలుపుకున్న లిక్విడ్ హీటర్‌కు శత్రువులు. ఆయిల్ హేజ్ లిక్విడ్‌ను స్మోక్ మిషన్‌లో అసలు పోయొద్దు.

ఫైర్ అలారం మోగింది

డిటెక్టర్‌కు మంట పొగ, మన పొగ తేడా తెలియదు. హాల్ మేనేజర్‌కు ముందే చెప్పండి. మీరే నిచ్చెనెక్కి డిటెక్టర్‌కు కవరు తొడగొద్దు. హాల్ వాళ్లు స్టేజీ వైపు అలారాన్ని ఆపితే, తిరిగి ఆన్ చేసేదాకా ఒక మనిషిని కాపలా పెట్టాలి.

పెళ్లికూతురి ఎంట్రీలో మేఘం నేల మీద నిలవడం లేదు

మామూలు స్మోక్ వేడిగా వస్తుంది కాబట్టి పైకి లేస్తుంది. నేల మేఘానికి డ్రై ఐస్, వేడి నీళ్లు కావాలి. నీళ్లు చల్లబడితే మేఘం పలచబడుతుంది, అందుకే ఎంట్రీకి కాస్త ముందే కాగిన నీళ్లు పోయండి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు, మందపాటి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కిందనే పేరుకుంటుంది. తలుపులు తెరిచి ఉంచి, మేఘంలో ఆడుకోవడానికి వచ్చే చిన్నపిల్లల్ని పక్కకు పిలవండి.