బడిలో ఆటపాటలు అందరు పిల్లలకూ అందాలంటే ఏం చేయాలి?

కిందటేడు విజయవాడలో మా పాప చదివే బడికి యాన్యువల్ డే డాన్స్ ప్రాక్టీసు చూద్దామని వెళ్లాను. గదిలో పన్నెండు మంది పిల్లలున్నారు. బయట వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నాలుగో తరగతి పాప ఒకతి, లోపలివాళ్లతో పాటే అడుగులు వేస్తోంది. ఒక్కటీ తప్పలేదు. "నువ్వెందుకు చేరలేదమ్మా?" అంటే, "డ్రెస్ అద్దె ఆరొందలంట, అమ్మ వద్దంది" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ పిల్లల బడిలోనూ ఇలా ఉంటే, ముందు ఒక లిస్టు రాయండి. టీచరుగారి సాయంతో హాజరుపట్టీలోని ప్రతి పేరుకూ ఎదురుగా, ఈ ఏడు ఆ బిడ్డ దేంట్లో పాల్గొందో రాయాలి. మేం 4, 5 తరగతులకు రాశాం. ఖోఖో, డాన్స్, డ్రాయింగ్, అన్నిట్లోనూ అవే తొమ్మిది పేర్లు! సగానికి పైగా పేర్ల ఎదుట ఏమీ లేదు.

రెండోది, ఖాళీగా ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి కారణం అడగండి. క్లాసులో అందరి ముందూ నిలబెట్టి అడగొద్దు. "వాళ్లకి ఇంట్రెస్ట్ లేదండీ" అనే మాట అసలే నమ్మొద్దు. మాకు తెలిసిన కారణాలు మూడే: డబ్బు, సాయంత్రం ఆటో వెళ్లిపోవడం, ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకోవాల్సి రావడం.

డబ్బు సంగతి తేలికే. అద్దె డ్రెస్సులు మానేసి, వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో గుడ్డ కొని ఒక్కసారి కుట్టిస్తే అవి బడి బీరువాలోనే ఉంటాయి, ఏటా పనికొస్తాయి. చందాలు వేసుకుంటే ఎవరెంత ఇచ్చారో వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఇవ్వలేని అమ్మ ఆ లిస్టు చూసి ఎంత బాధపడుతుందో ఆలోచించండి.

ప్రాక్టీసు బడి వేళల్లోనే పెట్టమని హెడ్‌మాస్టరుగారిని అడగండి. ఆటో పోతే ఇల్లు చేరలేమన్న టెన్షన్ ఉండదు, చంటివాళ్లను చూసుకునే పిల్లలూ మిగిలిపోరు. ప్రైమరీ పిల్లలకు సెలక్షన్ కూడా వద్దు, వంతులవారీగా ఆడించాలి.

దివ్యాంగ పిల్లలకు స్కోరు రాసే పని అప్పజెప్పి సరిపెట్టడం న్యాయం కాదు. ఆటల్లో వాళ్లకూ సమాన అవకాశం ఇవ్వాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

అడిగినా వినకపోతే చట్టం మాట ఎత్తండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం, ప్రతి తరగతికీ అవసరమైన ఆటవస్తువులు ఉండాలి. ప్రైవేటు బడుల్లో పేద, బలహీన వర్గాల పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్ల కింద చేరినవాళ్లపై ఆటల్లో, ఇతర కార్యక్రమాల్లో వివక్ష చూపకూడదని కేంద్రం రూపొందించిన నియమాల్లో ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే కాబట్టి, మీరు అడిగింది మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాయించండి. నోటిమాటగా వదిలేస్తే మళ్లీ మీటింగుకి ఎవరికీ గుర్తుండదు.

మూడు నెలలకోసారి ఆ లిస్టు తీసి చూడండి. మా లిస్టులో ఇంకా నాలుగు పేర్ల ఎదుట ఖాళీ ఉంది. అందులో ఇద్దరు మధ్యలో వచ్చి చేరినవాళ్లు. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్తున్నాం.