జాంప్ సర్వర్ లాగ్‌లో ‘%ఏడీ’ కనిపిస్తే ఏం చేయాలి?

సమస్య

విండోస్ మెషీన్ మీద జాంప్ (XAMPP: అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ లాంటివి కలిపి ఇచ్చే ప్యాకేజీ) నడుస్తోంది. అపాచీ యాక్సెస్ లాగ్ తెరిస్తే మీరెప్పుడూ పిలవని పీహెచ్‌పీ-సీజీఐ ఫైలు పేరు, ప్రశ్నార్థకం, వెంటనే శాతం గుర్తుతో ‘ఏడీ’ (%AD). ఆ లైన్‌లో స్టేటస్ 404 (దొరకలేదు) గానీ 403 (అనుమతి లేదు) గానీ ఉంటే ఎవరో తలుపు తట్టి వెళ్లారు, అంతే. 200 (సరే, ఇచ్చాను) ఉంటే మాత్రం లోపలికి వచ్చేశారనే అనుకుని పని మొదలుపెట్టండి.

కారణం

పీహెచ్‌పీలోని ఒక భద్రతా లోపం, దాని నంబరు సీవీఈ-2024-4577. సీజీఐ (వెబ్ సర్వర్ బయటి ప్రోగ్రామ్‌ను నడిపించే) పద్ధతిలో అడ్రసులో ప్రశ్నార్థకం తర్వాతి మాటలు కమాండ్ ఆప్షన్లుగా పీహెచ్‌పీ చేతికి వెళ్లే వీలుంది. 2012లోనే ఈ దారి బయటపడింది. ఆప్షన్లు హైఫన్‌తోనే మొదలవుతాయి కాబట్టి, హైఫన్‌తో మొదలైతే ఆపేలా తనిఖీ పెట్టారు. కానీ విండోస్‌కు ఒక అలవాటు: తన కోడ్ పేజీలో (ఆ భాషకు వాడే అక్షరాల పట్టికలో) లేని అక్షరం వస్తే దాన్ని పోలిన ఇంకో అక్షరం పెట్టేస్తుంది. ‘ఏడీ’ అంటే సాఫ్ట్ హైఫన్, హైఫన్‌ను పోలిన వేరే అక్షరం. తనిఖీ జరిగేటప్పుడు అది హైఫన్ కాదు, దాటాక అవుతుంది. మారీచుడి వేషమే! తైవాన్‌లోని డెవ్‌కోర్ అనే భద్రతా సంస్థకు చెందిన ఆరెంజ్ త్సాయ్ దీన్ని పట్టుకున్నారు. చైనీస్, జపనీస్ లోకేల్ (భాషా సెట్టింగ్) ఉన్న విండోస్‌లో దాడి పనిచేస్తుందని తేలింది. మనది ఇంగ్లిష్ విండోస్ కదా అని వదిలేయకండి, మిగతావి సురక్షితమని డెవ్‌కోర్ వాళ్లూ అనలేదు.

పరిష్కారం

2024 జూన్‌లో వచ్చిన 8.3.8, 8.2.20, 8.1.29 పీహెచ్‌పీ వెర్షన్లలో లోపం సరిచేశారు. 8.0, 7, 5 వాడేవాళ్లకు ప్యాచ్ లేదు, కొత్త వెర్షన్‌కు మారాల్సిందే. జాంప్ 8.2.12 చూసి ‘8.2 కదా’ అని మోసపోకండి. 20 కంటే 12 చిన్నది.

ముందు ఈ ఒక్క పని చేయండి. జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ పక్కన కాన్ఫిగ్ నొక్కి, జాంప్ పేరున్న ఫైలు తెరిచి, పీహెచ్‌పీ-సీజీఐని చూపే ‘స్క్రిప్ట్ ఎలియాస్’ (ScriptAlias) లైన్ ముందు హాష్ గుర్తు పెట్టి అపాచీ రీస్టార్ట్ చేయండి. తర్వాత తీరిగ్గా అప్‌డేట్ చేసుకోవచ్చు.

అప్‌డేట్ అయ్యాక చాలామంది కమాండ్ ప్రాంప్ట్‌లో వెర్షన్ చూసి ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ కనిపించేది పాత్‌లో (విండోస్ ప్రోగ్రాములను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఉన్న పీహెచ్‌పీ. అపాచీ వాడేది వేరే ఫోల్డర్‌లోది కావచ్చు. పీహెచ్‌పీ ఇన్ఫో పేజీని బ్రౌజర్‌లో తెరిచి అక్కడి నంబరే నమ్మండి, చూశాక ఆ పేజీ తీసేయండి.

200 కనిపించినవాళ్లకు ఇది సరిపోదు. అప్‌డేట్ తలుపు మూస్తుంది గానీ లోపల దాక్కున్న షెల్ ఫైలును (దాడి చేసినవాళ్లు మళ్లీ కమాండ్లు ఇవ్వడానికి వదిలిన ఫైలును) బయటికి పంపదు. దాడికి ముందు తీసిన బ్యాకప్ నుంచి కొత్త మెషీన్ మీద సైట్ నిలబెట్టి, డేటాబేస్ పాస్‌వర్డులన్నీ మార్చండి.