పురుగు మందు కొట్టే సీజన్ వస్తోంది, ముందే ఇవి చూసుకోండి

పత్తి, మిర్చి వేసినోళ్ళు ఇంకొన్ని రోజుల్లో పంపులు బయటికి తీస్తారు కదా, అందుకే ఇప్పుడే చెప్తున్నా. మాస్కు పెట్టుకోండి అని ఊరికే అంటే ఎవరూ వినరు, మందు ఎలా పనిచేస్తుందో తెలిస్తే వింటారేమో.

పురుగు ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది, నీళ్ళు దాన్ని దాటలేవు గానీ నూనెలో కరిగే మందు దాటేస్తుంది. సైపర్‌మెత్రిన్, క్లోరిపైరిఫాస్ లాంటివి కొట్టిన ఆకు మీద నడిచినా చాలు, కాళ్ళ నుంచే లోపలికి పోతాయి. ఇమామెక్టిన్ ఎక్కువగా ఆకు తిన్నప్పుడు పనిచేస్తుంది, ఇమిడాక్లోప్రిడ్ మొక్క రసంలోకి ఎక్కి పచ్చదోమ పీల్చినప్పుడు దాన్ని చంపుతుంది. ఇక డబ్బా మీద ఈసీ (EC) అని ఉంటే అందులో సాల్వెంట్, అంటే మందుని కరిగించే ద్రావకం ఉన్నట్టే, మన చర్మంలోంచి కూడా మందు లోపలికి పోవడానికి అది దారిస్తుంది, అందులోనూ తల మీద, గజ్జల్లో ముంజేతి కంటే చాలా రెట్లు ఎక్కువ పోతుంది. పంపు లీకై వీపు, లుంగీ తడిసినా అలాగే సాయంత్రం దాకా కొట్టేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. తడిస్తే అక్కడే ఆపి సబ్బుతో కడుక్కుని బట్టలు మార్చండి.

మందు లోపలికి పోయాక పురుగు కూడా ఊరుకోదు, దాని ఎంజైములు మందుని విరగ్గొట్టేస్తాయి. ఏటా అదే మందు కొడితే ఆ ఎంజైములు ఎక్కువున్న పురుగులే మిగిలి గుడ్లు పెడతాయి, అప్పుడు డోసు పెంచితే డబ్బులు పోవడం తప్ప ఏం లేదు, గ్రూపు మార్చాలి, అంటే వేరే తీరుగా పనిచేసే మందు కొట్టాలి. బ్రాండు మారినా లోపల అదే మందు ఉండొచ్చు, టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు చదవండి.

అసలు డేంజర్ మాత్రం మూడు నాలుగు మందులు బకెట్లో కలిపేయడం. ఫాస్ రకం మందులు (క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి) ఎస్టరేజ్ అనే ఎంజైముని కట్టేస్తాయి, దాంతో సైపర్‌మెత్రిన్ పురుగు లోపల తొందరగా విరగదు. ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిపిన మందు అంత గట్టిగా పడేది అందుకే. ఆ రకం ఎంజైములు మన ఒంట్లోనూ ఉన్నాయి మరి! పైగా క్లోరిపైరిఫాస్ మన లివర్లో ముందు ఇంకా విషమైన రూపంలోకి మారుతుంది, కాబట్టి చేలో బాగానే ఉన్న మనిషికి రాత్రికి చెమటలు, చొంగ, చూపు మసకబారడం మొదలవ్వొచ్చు.

2017లో మహారాష్ట్ర యవత్‌మాళ్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, అప్పుడు చేలు మనిషి ఎత్తు పెరిగి మందు నేరుగా ముఖం మీద పడిందన్నారు. చేను ఛాతీ దాటితే పైకెత్తి కొట్టకండి, గాలికి ఎదురెళ్ళకండి, నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, మందు కలిపేటప్పుడు రబ్బరు గ్లౌజులు తప్పనిసరి ఎందుకంటే అసలు చిక్కటి మందు తగిలేది అప్పుడే.

ఎవరికైనా తేడాగా ఉంటే వాంతి చేయించొద్దు, పాలు పట్టొద్దు, బట్టలు తీసేసి కడిగి, డబ్బా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పోండి. ఫాస్ మందైతే అట్రోపిన్ ఇస్తారు, ఏ మందో డాక్టరుకి తెలిసేది ఆ డబ్బా చూస్తేనే.